ఎన్ఎస్పీసీసీ కేస్ రివ్యూల లైబ్రరీ: ఏడాది వాడాక నా రివ్యూ

ఇంగ్లండ్‌లో ఉంటూ ఆదివారం తెలుగు క్లాసులు, కూచిపూడి క్లాసులు నడిపేవాళ్లు, స్కూళ్లలో టీచింగ్ అసిస్టెంట్‌గా చేసేవాళ్లు, లంచ్ టైంలో పిల్లల్ని చూసుకునే పని చేసేవాళ్లు, నర్సులు, జీపీ (ఫ్యామిలీ డాక్టర్) దగ్గరో డెంటిస్ట్ దగ్గరో రిసెప్షన్లో కూర్చునే నాలాంటి వాళ్లు, మీ అందరి కోసమే ఇది రాస్తున్నా, పిల్లలకి ఘోరం జరిగిన కేసుల్ని వెనక్కి తిరిగి చూసి రాసిన రిపోర్టులు (కేస్ రివ్యూలు) ఫ్రీగా దొరికే ఎన్ఎస్పీసీసీ లైబ్రరీ గురించి. కాస్త పెద్దదే అవుతుంది, ఓపిక చేసుకుని చదవండి. పిల్లలకి జరిగిన ఘోరాల గురించి ఇందులో ఉంటుంది కాబట్టి ఇప్పుడే మనసు బాలేని వాళ్లు తర్వాత చదవండి పర్లేదు.

మా ఊళ్లో మేం కొంతమందిమి కలిసి చర్చి హాలు అద్దెకి తీసుకుని తెలుగు క్లాసు నడుపుతున్నాం, 30 మంది పిల్లల దాకా వస్తారు. పోయినేడాది హాలు రెన్యువల్ టైంలో వాళ్లు మీ సేఫ్‌గార్డింగ్ (పిల్లల రక్షణ) పాలసీ ఏదీ, మీలో సేఫ్‌గార్డింగ్ లీడ్ ఎవరు అని అడిగారు. మావాళ్లంతా నా వైపు చూశారు, నువ్వు డెంటల్ క్లినిక్‌లో చేస్తున్నావు కదా అక్కా నీకైతే ఇవన్నీ తెలుస్తాయి అని. సరే అన్నాను. ఇంటికొచ్చాక మాత్రం భయం వేసింది, ఎందుకంటే నాకు తెలిసింది డీబీఎస్ చెక్ (పాత నేరాలేమైనా ఉన్నాయా అని చూసేది) అప్లికేషన్ నింపడం వరకే.

ముందు డబ్బు కట్టి ఒక ఆన్‌లైన్ కోర్సు చేశా. ఏ కంపెనీదో చెప్పను. 45 పౌండ్లు, రెండు గంటల స్లైడ్లు, ఆఖర్న 20 ప్రశ్నల క్విజ్, వెంటనే సర్టిఫికెట్. హింస ఎన్ని రకాలు, నిర్లక్ష్యం అంటే ఏంటి, ఎవరికి ఫోన్ చెయ్యాలి, అన్నీ చెప్పారు, తప్పేం లేదు. కానీ రెండు గంటల్లో ఒక్క బిడ్డ కథ కూడా లేదు. అనుమానం వస్తే రిపోర్ట్ చెయ్యండి అని ప్రతి పది నిమిషాలకీ చెప్తారు గానీ ఆ అనుమానం అనేది మనకి ఎలా వస్తుంది, వచ్చినప్పుడు ఛ ఛ అలా అయ్యుండదులే అని మనమే దాన్ని ఎలా తోసేసుకుంటాం అన్నది ఎక్కడా లేదు. సర్టిఫికెట్ ఫైల్లో పెట్టా, నా భయం మాత్రం ఎక్కడిదక్కడే ఉండిపోయింది.

ఆ మాట మా క్లినిక్‌లో ఒక సీనియర్ డెంటిస్ట్‌తో అంటే ఆవిడ, ఇంకో కోర్సు వద్దు, ఎన్ఎస్పీసీసీ లైబ్రరీలోకి వెళ్లి ఏదో ఒక్క కేస్ రివ్యూ మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదువు, చదివాక మనం కూర్చుని మాట్లాడుకుందాం అన్నారు. అలా మొదలైంది, ఇప్పటికి ఏడాది అయింది, కొంచెం కొంచెంగా చాలానే చదివా.

ఎన్ఎస్పీసీసీ అంటే ఇక్కడ పిల్లల రక్షణ కోసం పనిచేసే పెద్ద చారిటీ, 1884లో లండన్‌లో మొదలైంది. వాళ్ల లెర్నింగ్ సైట్లో 2013 నుంచి నేషనల్ కేస్ రివ్యూ రిపాజిటరీ అని ఒకటి నడుపుతున్నారు. ఫ్రీ. మనం సోషల్ వర్కరా కాదా అని కూడా ఎవరూ అడగరు. యూకేలో పిల్లల విషయంలో ఘోరం జరిగినప్పుడు సంబంధించిన ఆఫీసులన్నీ వెనక్కి తిరిగి చూసుకుని రాసి బయట పెట్టిన రిపోర్టులు ఒక్కచోట దొరుకుతాయి.

ఈ రివ్యూ ఎలా జరుగుతుందంటే, ఇంగ్లండ్‌లో హింస వల్లో నిర్లక్ష్యం వల్లో ఒక బిడ్డ చనిపోయినా, ప్రాణం మీదికి వచ్చేంత దెబ్బ తగిలినా, లేదా అలా జరిగిందన్న అనుమానం ఉన్నా, కౌన్సిల్ వాళ్లు విషయం తెలిసిన 5 వర్కింగ్ డేస్‌లో నేషనల్ ప్యానెల్‌కి (ఇలాంటి కేసుల్ని దేశం మొత్తం మీద చూసే బృందం) చెప్పాలి. 15 వర్కింగ్ డేస్‌లో కౌన్సిల్, పోలీసు, హెల్త్ ముగ్గురూ కలిసి ర్యాపిడ్ రివ్యూ చెయ్యాలి, అంటే ఈ బిడ్డ గురించి ఎవరి దగ్గర ఏ కాగితం ఉంది, ఎవరు ఎప్పుడు చూశారు, వెంటనే సరిచెయ్యాల్సింది ఏమన్నా ఉందా, లోతుగా చూస్తే ఇంకా నేర్చుకునేది ఉంటుందా అని. ఉంటుంది అనుకుంటే పూర్తి రివ్యూ పెడతారు, ఆ కేసుతో సంబంధం లేని మనిషి రాస్తారు, మామూలుగా 6 నెలల్లో బయట పెట్టాలి. ఈ ప్యానెల్ పద్ధతి 2018లో వచ్చింది. అంతకుముందు వాటిని సీరియస్ కేస్ రివ్యూలు అనేవాళ్లు, మొత్తం రిపోర్టు జనానికి కనపడేలా పెట్టాలన్న నిర్ణయం 2010లో వచ్చింది. స్కాట్లాండ్, వేల్స్, నార్తర్న్ ఐర్లండ్‌లో పేర్లూ పద్ధతులూ వేరు.

ఇక్కడ ఒక విషయం అర్థం చేసుకోకపోతే రిపోర్టు చదివినా కోపం తప్ప ఇంకేం రాదు, నాకు మొదట్లో అదే జరిగింది. ఎవరిది తప్పు అని తేల్చడం వీటి పని కాదు. శిక్ష సంగతి కోర్టు చూస్తుంది, ఉద్యోగం సంగతి ఆ ఆఫీసు చూసుకుంటుంది. రివ్యూ అడిగే ప్రశ్న వేరు, ఆ రోజు ఆ గుమ్మంలో నిలబడ్డ మనిషికి ఏం కనపడింది, ఏం కనపడలేదు, తను చేసిందే సరైన పని అని ఆ క్షణంలో ఎందుకు అనిపించింది. 2011లో ప్రొఫెసర్ ఐలీన్ మన్రో గవర్నమెంట్ అడిగితే రాసిన రిపోర్టులో ఇదే గట్టిగా అన్నారు, ఏం జరిగిందో రాస్తున్నారు గానీ ఎందుకు అలా జరిగిందో రాయట్లేదు, అందుకే ప్రతి రివ్యూ తర్వాత ఇంకో రూలు, ఇంకో ఫారం వస్తున్నాయి అని.

నేను మొదట చదివింది డానియల్ పెల్కా రివ్యూ. నాలుగేళ్ల బాబు, కావెంట్రీలో, పోలండ్ నుంచి వచ్చిన కుటుంబం, 2012 మార్చిలో చనిపోయాడు, రిపోర్టు 2013 సెప్టెంబర్లో వచ్చింది. ఆకలితో మాడ్చి, కొట్టి చంపారు. చనిపోయేనాటికి బరువు 10 కిలోల పైచిలుకు. మా చిన్నోడు ఏడాదిన్నరకే అంత ఉన్నాడు, అది చదివి లాప్‌టాప్ మూసేశా, రెండు రోజులు మళ్లీ తెరవలేదు.

మళ్లీ తెరిచాక నన్ను పట్టుకున్నది స్కూల్ భాగం. బాబు వేరే పిల్లల లంచ్ బాక్సుల్లోంచి తీసుకుని తినేవాడు, చెత్తబుట్టలో పడేసింది ఏరుకుని తినేవాడు. తల్లిని అడిగితే వీడికి తిండి విషయంలో ఏదో జబ్బుంది, ఎంత పెట్టినా తింటూనే ఉంటాడు అని చెప్పింది. నమ్మారు. ఒంటి మీద దెబ్బలు టీచర్లలో ఒకరికి ఒకటి, ఇంకొకరికి ఇంకొకటి కనపడ్డాయి, కానీ అన్నీ ఒకే కాగితం మీదికి రాలేదు. అంతకు ఏడాది ముందు చెయ్యి విరిగినప్పుడు హాస్పిటల్‌కి అనుమానం వచ్చింది, తర్వాత ఇంట్లోవాళ్లు చెప్పిన కారణం కుదురుతుందిలే అనుకున్నారు. ఇంట్లో గొడవలకి పోలీసులు పదే పదే వెళ్లారు. చనిపోవడానికి మూడు వారాల ముందు పిల్లల డాక్టర్ చూశారు, బరువు తగ్గడానికి ఏదో జబ్బు ఉందేమో అన్న దారిలోనే ఆలోచించారు. ఇంతమంది చూశారు కదా, వాళ్లలో ఎవరైనా ఆ బాబుతో కూర్చుని నీకు ఇంట్లో ఎలా ఉంది నాన్నా అని అడిగి, వాడు చెప్పింది రాసుకున్న కాగితం మాత్రం ఒక్కటి కూడా లేదు. వాడికి ఇంగ్లీషు సరిగా రాదు. ఎవరికీ కనపడనివాడిలా మిగిలిపోయాడు అని రిపోర్టే అంటుంది.

ఇది చదివాక వచ్చిన ఆదివారం మా క్లాసులో స్నాక్ బ్రేక్ అప్పుడు నేను కూర్చున్న చోటు మారింది. ఇదివరకు టీ కలపడం, చెంచాలు పంచడం, పెద్దవాళ్లతో కబుర్లు. ఇప్పుడు పిల్లల మధ్యలో కూర్చుంటున్నా. ఎవరు జంతికలు పక్కవాడికి ఇస్తున్నారు, ఎవరు బాక్సు మూత తియ్యకుండా దిక్కులు చూస్తున్నారు, ఎవరు చేతులు చొక్కాలో దాచుకుంటున్నారు, ఇవన్నీ అక్కడ కూర్చుంటేనే కనపడతాయి. అన్నీ అనుమానించాలని కాదండీ, ఎక్కువసార్లు ఆ పిల్లకి ఆ కూర నచ్చలేదు అంతే. కానీ చూసింది తేదీ వేసి ఒక నోట్‌బుక్‌లో రాస్తున్నాం, నలుగురు వాలంటీర్లం అదే నోట్‌బుక్‌లో. మనలో ఒక్కొక్కరికీ చిన్న ముక్కే కనపడుతుంది, అన్ని ముక్కలూ ఒకేచోట ఉంటేనే విషయం తెలుస్తుంది అనేది ఆ రిపోర్టు నాకు నేర్పింది.

తర్వాత వెనక్కి వెళ్లి విక్టోరియా క్లింబీ ఎంక్వైరీ చదివా. ఐవరీ కోస్ట్‌లో పుట్టిన పాప, మంచి చదువు దొరుకుతుందని అమ్మానాన్న ఒక నానమ్మ వరస మనిషి చేతిలో పెట్టి పంపారు, మన దగ్గర కూడా పిల్లల్ని చదువు కోసం చుట్టాలింట్లో ఉంచడం మామూలే కదా, అందుకే అది చదువుతుంటే మన ఇళ్లే గుర్తొచ్చాయి. ఫ్రాన్స్ మీదుగా 1999 ఏప్రిల్‌లో లండన్ వచ్చింది, 2000 ఫిబ్రవరి 25న చనిపోయింది, ఎనిమిదేళ్లు, ఒంటి మీద 128 గాయాలు. లార్డ్ లేమింగ్ చేసిన ఎంక్వైరీ రిపోర్టు 2003 జనవరిలో వచ్చింది. నాలుగు సోషల్ సర్వీసెస్ ఆఫీసులు, మూడు హౌసింగ్ ఆఫీసులు, రెండు హాస్పిటళ్లు, రెండు పోలీసు చైల్డ్ ప్రొటెక్షన్ టీములు, ఇన్నిటికీ ఆ పాప తెలుసు. కాపాడగలిగిన సందర్భాలు 12 ఉన్నాయని రిపోర్టు లెక్క కట్టింది. ఒక హాస్పిటల్లో ఆ గాయాలు గజ్జి వల్ల అనుకుని పంపించేశారు. స్కూల్లో చేర్చలేదు కాబట్టి చూసే టీచర్ లేరు. ఇంకో పాప పేరు మీద పాస్‌పోర్ట్ చేసి తెచ్చారు కాబట్టి ఆఫీసుల్లో అందరికీ ఈ పాప అన్నా అనే తెలుసు, విక్టోరియా అన్న పేరు చనిపోయాక గానీ బయటికి రాలేదు.

ఇందులో ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఆ పాప కేసు తెలిసిన చోట్లలో ఎన్ఎస్పీసీసీ నడిపిన సెంటర్ కూడా ఒకటి ఉంది. అంటే ఇప్పుడు ఈ లైబ్రరీ నడిపేవాళ్ల పేరు కూడా ఆ రిపోర్టులో ఉంది, వాళ్లమీద మాటలూ ఉన్నాయి. నాకు అది తెలిశాక ఈ లైబ్రరీ మీద గౌరవం పెరిగింది, తగ్గలేదు. తమ పేరు ఉన్న కాగితాన్ని కూడా అందరికీ అందుబాటులో పెట్టడం ఎంతమంది చేస్తారు.

ఈ రెండిట్లోనూ భాష ఉంది చూడండి. విక్టోరియాకి వచ్చింది ఫ్రెంచ్, డానియల్‌ది పోలిష్. ఇంట్లోవాళ్లని దుబాసీగా పెట్టుకోవద్దు, బయటి ఇంటర్‌ప్రెటర్‌ని పిలవండి అని రివ్యూల్లో మళ్లీ మళ్లీ వస్తుంది. మనకి ఇది సూటిగా తగులుతుంది. కొత్తగా ఇండియా నుంచి వచ్చిన అమ్మాయిలు జీపీకో మిడ్‌వైఫ్ దగ్గరికో వెళ్లినప్పుడు పక్కన మొగుడో అత్తగారో కూర్చుని వాళ్లే చెప్తుంటారు, లేదంటే అక్కా నువ్వు ఒకసారి వచ్చి చెప్పవా అని నాలాంటి వాళ్లని పిలుస్తారు. నేను చాలాసార్లు వెళ్లా, సాయం అనుకునే వెళ్లా. ఇప్పుడు వెళ్లట్లేదు. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అపాయింట్‌మెంట్ బుక్ చేసేటప్పుడే అడగమని చెప్తున్నా, దానికి మనం డబ్బు కట్టక్కర్లేదు. రేపు ఆ అమ్మాయి నాతో చెప్పుకోలేని మాట ఏదన్నా ఉంటే, రేపు గుడిలో కనపడే అక్క ముందు ఎలా చెప్తుంది. ఒకమ్మాయి మొదట నొచ్చుకుంది కూడా, ఏంటక్కా నాకోసం ఒక గంట రాలేవా అని. కూర్చోబెట్టి అంతా చెప్పా, అర్థం చేసుకుంది.

ఇప్పుడు నా సొంత పని దగ్గరికి వస్తా, ఈ లైబ్రరీకి నేను ఎక్కువ మార్కులు ఇవ్వడానికి కారణం ఇదే. మా క్లినిక్ కంప్యూటర్లో పేషెంట్ అపాయింట్‌మెంట్‌కి రాకపోతే ఒక కోడ్ కొడతాం, డీఎన్ఏ, డిడ్ నాట్ అటెండ్, అంటే రాలేదు అని. పెద్దవాళ్లకీ అదే, నాలుగేళ్ల పిల్లలకీ అదే. వరసగా రెండు మూడుసార్లు రాకపోతే పేరు తీసేస్తున్నాం అని లెటర్ పోయేది. పంటి నొప్పితో ఉన్న పిల్లల్ని అపాయింట్‌మెంట్లకి తీసుకురాకపోవడం, ఎవరూ వెనక్కి ఫోన్ చెయ్యకపోవడం, ఇవి ఎన్ని రివ్యూల్లో వస్తాయో లెక్కే లేదు. దీని మీద నాటింగ్‌హామ్ సేఫ్‌గార్డింగ్ బోర్డు వాళ్లు 2017లో చిన్న యానిమేషన్ వీడియో చేశారు, రాలేదు అనకండి, వాజ్ నాట్ బ్రాట్ అని రాయండి అని.

ఇంగ్లీషులో ఆ మాట విన్నప్పుడు నాకు కొంచెం ఎబ్బెట్టుగా అనిపించింది. తెలుగులో అనుకుంటే మాత్రం గుండెలో గుచ్చుకుంది. పాప రాలేదు. పాపని తీసుకురాలేదు. మధ్యలో రెండు చిన్న ముక్కలు చేరాయి అంతే, కానీ మొదటిది చదివితే తప్పు పాపది అన్నట్టుంది, రెండోది చదివితే మరి ఎవరు తీసుకురావాలి, ఎందుకు తీసుకురాలేకపోయారు అని అడగాలనిపిస్తుంది. ఆరేళ్ల పిల్ల బస్సెక్కి తనంతట తను డెంటిస్ట్ దగ్గరికి రాదు కదా.

మా డెంటిస్ట్‌గారితో మాట్లాడి ఆ కోడ్ మార్పించాం. మార్చిన కొద్ది వారాలకే ఒక మంగళవారం సాయంత్రం, చిగురు వాచి చీము పట్టిన చిన్న పాప, వరసగా మూడోసారి రాలేదు, అంటే తీసుకురాలేదు. ఇదివరకైతే నేనే లెటర్ ప్రింట్ తీసి కవర్లో పెట్టేదాన్ని. ఈసారి ఫోన్ చేశా. మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి ఎత్తారు, వెనకాల చంటిబిడ్డ ఏడుపు. నేను ఎందుకు రాలేదు అని అడగలేదు, పాపకి నొప్పి ఎలా ఉంది అని అడిగా. ఆ తల్లి ఏడ్చేసింది. కాన్పు అయ్యి మూడు వారాలు, భర్త నైట్ షిఫ్టులు, కారు లేదు, ఇద్దర్నీ వేసుకుని రెండు బస్సులు మారి రాలేక, ఫోన్ చేసి క్యాన్సిల్ చెయ్యడానికి సిగ్గుపడి అలా వదిలేసింది. మా డెంటిస్ట్ ఆ తల్లి పర్మిషన్ తీసుకుని హెల్త్ విజిటర్‌తో (ఇంటికొచ్చి పసిపిల్లల్ని చూసే నర్సు) మాట్లాడారు, పాపని గురువారం తీసుకొచ్చారు, పన్ను తీశారు. హింస లేదు, కేసు లేదు, ఏమీ లేదు. సాయం కావాల్సిన ఇల్లు, అంతే. పాత లెటర్ పోయుంటే ఆ పాప ఆ నొప్పితో ఎన్నాళ్లు ఉండేదో.

ఇలాంటి మార్పు చేయించగలిగిన రివ్యూనే నేను మంచి రివ్యూ అంటా. అన్నీ అలా ఉండవు, ఇక్కడ్నుంచి నా కంప్లైంట్లు. రిపోర్టులు చాలావరకు 40 పేజీలు, 60 పేజీలు, కొన్ని ఇంకా పెద్దవి, భాష గట్టిగా ఉంటుంది. మొదట్లో టైంలైన్ భాగం అద్భుతంగా రాస్తారు, తేదీ తర్వాత తేదీ, ఎవరు వెళ్లారు, తలుపు ఎవరు తీశారు, బిడ్డ ఎక్కడుంది, కళ్లకి కట్టినట్టు ఉంటుంది. ఆఖర్న సిఫార్సుల దగ్గరికి వచ్చేసరికి స్టాఫ్‌కి మళ్లీ గుర్తు చెయ్యాలి, సమాచారం పంచుకోవడం మెరుగుపడాలి, ట్రైనింగ్ ఇవ్వాలి. ఆ ట్రైనింగ్ ఏంటో నేను 45 పౌండ్లు కట్టి చూశాను. లేమింగ్ 2003లో 108 సిఫార్సులు రాశారు, లండన్‌లోని హారింగేలో పీటర్ కానెల్లీ అనే 17 నెలల బాబు 2007 ఆగస్టులో చనిపోయాక గవర్నమెంట్ అడిగితే 2009లో ఇంకో 58 రాశారు. చనిపోయేనాటికి విక్టోరియా ఉన్నది కూడా హారింగేలోనే. 2016లో అలన్ వుడ్ అనే ఆయన గవర్నమెంట్ కోసం చేసిన రివ్యూలో పాత సీరియస్ కేస్ రివ్యూ పద్ధతి ఆపెయ్యాలనే రాశారు, దాని తర్వాతే చట్టం మారి ఇప్పటి ప్యానెల్ వచ్చింది.

మరి కొత్త పద్ధతిలో మారిందా అంటే, 2022 మేలో ప్యానెల్ వాళ్లు ఆర్థర్ లాబిన్జో-హ్యూస్, స్టార్ హాబ్సన్ ఇద్దరి మీద ఇచ్చిన రిపోర్టు చదవండి. ఆర్థర్‌కి ఆరేళ్లు, సోలిహల్, 2020 జూన్. స్టార్‌కి 16 నెలలు, కీత్లీ, 2020 సెప్టెంబర్. ఇద్దరి విషయంలోనూ బంధువులు ముందే చెప్పారు. ఆర్థర్ నానమ్మ చెప్పింది, వాడి వీపు మీద కమిలిన మచ్చల ఫొటోలు ఉన్నాయి. స్టార్ కోసం ఇంట్లోవాళ్లు, తెలిసినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఫోన్లు చేశారు, వీళ్లకి ఆ తల్లంటే పడక చెప్తున్నారు అనుకున్నారు. సమాచారం ముక్కలు ముక్కలుగా వేర్వేరు ఆఫీసుల్లో ఉండిపోయింది. 2003లో ఉన్న వాక్యాలే 2022లో మళ్లీ ఉన్నాయి అనిపించింది నాకు, పక్కపక్కన పెట్టి చదివితే ఏడుపొచ్చింది. తేడా ఏంటంటే ఈసారి గుర్తు చెయ్యండి అని ఊరుకోకుండా, పోలీసు, హెల్త్, సోషల్ వర్క్ ముగ్గురూ ఒకే టీములో కూర్చునే యూనిట్లు ప్రతి ఏరియాలో పెట్టండి అన్నారు. అది పని చేసే పద్ధతినే మార్చే సిఫార్సు, కాబట్టి దానికి నేను మార్కులు ఇస్తా.

నానమ్మల మాట విషయంలో మనవాళ్లకి ఒకటి చెప్పాలి. మన కుటుంబాల్లో ఇంటి గుట్టు అనే మాట ఎంత బలంగా ఉంటుందో తెలుసు. ఎవరన్నా ధైర్యం చేసి చెప్తే, ఆవిడకి కోడలంటే పడదులే, ఆస్తి గొడవలున్నాయిలే అని మనమే కొట్టేస్తాం. చెప్పే మనిషికి కోపం ఉన్నా కూడా చెప్పేది నిజం అయ్యుండొచ్చు. మా క్లాసు పాలసీలో నేను ఈ వాక్యం తెలుగులోనే రాయించా.

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు ఇదంతా మా వదినకి చెప్పా, మా వారి అక్క, ఆవిడ ఏఎన్ఎం. నేను ఇదేదో ఇక్కడి గొప్ప అన్నట్టు చెప్తుంటే ఆవిడ మధ్యలో ఆపి, మాకు బాలింత చనిపోతే ఇలాగే చేస్తారమ్మా అంది. ఏ రోజు నొప్పులొచ్చాయి, 108కి ఎప్పుడు ఫోన్ చేశారు, ఏ పీహెచ్‌సీ నుంచి ఎక్కడికి పంపారు, రక్తం ఎప్పుడు దొరికింది, గంట గంటకీ రాయిస్తారట, జిల్లాలో కలెక్టర్ ముందు రివ్యూ ఉంటుందట. నిజమే, ఇండియాలో మాతృ మరణాల రివ్యూ పద్ధతి ఎప్పట్నుంచో ఉంది, చిన్నపిల్లల మరణాలకి కూడా 2014లో గైడ్‌లైన్స్ ఇచ్చారు. మరి హింసకి గురైన పిల్లల విషయంలో? పిల్లల మీద లైంగిక నేరాలకి పోక్సో చట్టం 2012 నుంచి ఉంది, జువెనైల్ జస్టిస్ చట్టం 2015ది ఉంది, జిల్లాకి చైల్డ్ వెల్ఫేర్ కమిటీ ఉంది, పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. ఏదైనా స్కూల్లోనో హాస్టల్లోనో ఘోరం జరిగితే అరెస్టులు, సస్పెన్షన్లు, ధర్నాలు, ఒక కమిటీ. వారం తర్వాత టీవీలో ఇంకో వార్త. ఆ స్కూల్లో ఎవరికి ముందే ఏం కనపడింది, ఆయా ఎవరికి చెప్పింది, ఆ మాట ఎక్కడ ఆగిపోయింది, ఇవి బిడ్డ పేరు లేకుండా రాసి పక్క జిల్లా హెడ్‌మాస్టర్ కూడా చదువుకునేలా పెట్టే పద్ధతి లేదు. రాసే అలవాటు మనకి లేదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను, మా వదిన చేతిరాతతో నింపిన ఫారాలు ఉన్నాయి.

లైబ్రరీ వాడే పద్ధతి మీద రెండు మాటలు. నేరుగా పెద్ద రిపోర్టులోకి దూకకండి. అదే సైట్లో టాపిక్ వారీగా చిన్న బ్రీఫింగులు ఉంటాయి, స్కూళ్లకి, హెల్త్ వాళ్లకి, నిర్లక్ష్యం మీద, పసిపిల్లల మీద, టీనేజ్ పిల్లల మీద, ఒక్కోటి పావుగంటలో అయిపోద్ది. దాంట్లో మీ పనికి దగ్గరగా ఉన్న విషయం పట్టుకుని అప్పుడు సెర్చ్‌లో వెతకండి. పిల్లల పళ్లు, ఇంటర్‌ప్రెటర్, ఇంకా పాకడం కూడా రాని బిడ్డ ఒంటి మీద మచ్చ, ఇలా మాటలు కొడితే సంబంధించిన కేసులు వస్తాయి. కొన్నిట్లో ఊరి పేరు కూడా ఉండదు, ఆ కుటుంబంలో మిగిలిన పిల్లల్ని ఎవరూ గుర్తుపట్టకుండా అలా చేస్తారు, కాబట్టి గూగుల్లో వెతికి ఎవరో కనిపెట్టాలని చూడకండి దయచేసి. కాస్పర్ అని వారానికోసారి ఫ్రీ ఈమెయిల్ కూడా ఉంది, కొత్తగా వచ్చిన రివ్యూలు అందులో చెప్తారు. రాత్రిపూట ఒక్కరే కూర్చుని చదవొద్దు, నేను అలా చదివి నిద్రలేకుండా పిల్లల గదిలోకి వెళ్లి చూసొచ్చిన రాత్రులున్నాయి. పగలు చదవండి, ఎవరితోనన్నా మాట్లాడండి.

మార్కులంటే, లైబ్రరీకి 5కి 5 ఇస్తా, ఫ్రీగా ఇంత విషయం ఇంకెక్కడా దొరకలేదు నాకు. రివ్యూల టైంలైన్ భాగాలకి 5, సిఫార్సుల భాగాలకి 2. నేను కట్టిన ఆ 45 పౌండ్ల కోర్సుకి 1, అది కూడా ఫోన్ నంబర్లు సరిగ్గా ఇచ్చినందుకు. ఆ నంబర్లు ఇక్కడ కూడా పెడుతున్నా: ఎవరో బిడ్డ గురించి పెద్దవాళ్లకి దిగులుగా ఉంటే ఎన్ఎస్పీసీసీ హెల్ప్‌లైన్ 0808 800 5000, పిల్లలు వాళ్లే మాట్లాడాలంటే చైల్డ్‌లైన్ 0800 1111, వెంటనే ప్రమాదం ఉంటే 999, ఇండియాలో అయితే 1098.

మా క్లాసు వాలంటీర్ల కోసం డానియల్ రివ్యూలో నాకు పనికొచ్చినవి తెలుగులో ఒకటిన్నర పేజీ రాశా, స్నాక్ బ్రేక్‌లో ఎక్కడ కూర్చోవాలి, నోట్‌బుక్‌లో ఏం రాయాలి, ఎవరికి చెప్పాలి అని. వేరే ఊళ్లలో తెలుగు క్లాసు నడిపేవాళ్లు ఎవరికన్నా కావాలంటే అడగండి, పంపిస్తా.